ఉస్తాద్ జాన

ఆ రోజుల్లో నా వయసు కుర్రాళ్లు ఉద్యోగం కోసమో పిల్ల కోసమో మొక్కుకునేవారు. నేను మాత్రం మా ఉస్తాద్ నోట ఒక్కసారి ‘మేస్త్రీ’ అనిపించుకుంటే చాలనుకునేవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్త. నకిరేకల్‌లో రోడ్డు పక్కన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు, అందులో మేమిద్దరం. (నాలుగేళ్లుగా ఆయన నన్ను పిలిచిన పేరు ‘ఓయ్’. అసలు పేరు ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ అనుమానమే.)

ఒకనాడు బత్తాయి తోట పటేలు తన జీపు తెచ్చాడు. గుట్టల్లో రాళ్లు తగలకుండా దాన్ని ఎత్తు చేయించాడట, అప్పటినుంచి ఒకటే వణుకు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో, వెనక్కి వచ్చే షాఫ్టు తీసి కురచది వెయ్యాలన్నాడు ఉస్తాద్. అది కురచైతే, దాన్నుంచి వెనక చక్రాలకు పోయే పొడుగు షాఫ్టును ఇంకా పొడుగు చేసుకోవచ్చు, వాలు తగ్గుతుంది, వణుకు పోతుంది. “ఓయ్, గీ పని నువ్వే చెయ్యి. కుదిరిందా, రేపటిసంది నిన్ను మేస్త్రీ అంట.”

నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. నూనె దించాను, బేరింగు ఊడదీశాను, కురచ షాఫ్టు ఎక్కించి సీలు కొట్టాను. అంతా సాఫీగా కుదిరింది. మిగిలింది పొడుగు షాఫ్టు. ఉస్తాద్ జీపు కిందికి దూరి చేత్తో కొలిచి, “నాలుగు జానలు. నల్లగొండకు పోయి లేతుల చేపిచ్చుకరా” అన్నాడు. మా షెడ్డులో టేపు ఉండేది కాదు. “టేపు సాగుతది, చెయ్యి సాగదు” అనేది ఆయన సిద్ధాంతం. లేతు షాపులో నేను బల్ల మీద చెయ్యి పరిచి, దర్జాగా నాలుగు జానలు కొలిచి ఇచ్చాను. నా చెయ్యే.

తెచ్చి బిగించబోతే అందలేదు. నాలుగు వేళ్లు తక్కువ. పటేలు వంగి చూసి, “ఒకటి కురచ చెయ్యమంటే రెండూ కురచ చేసిండ్రా?” అన్నాడు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఉస్తాద్ తిట్టలేదు. నా అరచేతికి తన అరచెయ్యి ఆనించి చూశాడు. ఆయన జాన కంటే నాది వేలెడు తక్కువ! ఆయన ఎంత నవ్వాడంటే కళ్లనీళ్లు తుడుచుకోవలసి వచ్చింది. మర్నాడు తానే లేతుకు పోయి షాఫ్టు చేయించుకొచ్చాడు. తర్వాత నా పనిముట్ల పెట్టె మూత మీద ఉలితో రెండు గీతలు కొట్టాడు. “గిది నా జాన. నీ చెయ్యి గీ గీత అందిన్నాడు నిన్ను మేస్త్రీ అంట.” (ఇరవై రెండేళ్లు దాటాక చెయ్యి పెరుగుతుందా అని మా అవ్వను అడిగాను కూడా. “బుద్ధి పెరుగుతదేమో చూడు” అంది.)

ఇప్పుడు షాద్‌నగర్‌లో నాకు సొంత షెడ్డు, గోడకు మూడు టేపులు ఉన్నాయి. ఉస్తాద్ పోయి నాలుగేళ్లు. ఆయన్ని తలుచుకోని రోజు లేదు. పొద్దున పెట్టె తెరిచేముందు మూత మీద చెయ్యి పరిచి, చిటికెన వేలు నొప్పి పుట్టేదాకా లాగి చూస్తాను. ఇంకా వేలెడు దూరం. ఇంతలో ఎవరో బయటినుంచి “మేస్త్రీ!” అని కేకేస్తారు. నవ్వుకుంటూ లేస్తాను గానీ, ఆ పిలుపు ‘ఓయ్’ అయితే ఎంత బాగుండునో.