ఖాళీగా తిరిగిన రాళ్లు

మా ఆయనకు వినపడటం లేదని నాకు గట్టిగా అనిపించింది ఒక శనివారం పొద్దున.

మాది చంపాపేట్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో పిండి గిర్ని. ఇరవై ఏళ్లకు పైగా నేనూ మా ఆయన యాకోబూ కలిసి నడుపుతున్నాం. మోటారు దగ్గర ఆయన, కాంటా దగ్గర నేను. గిర్ని సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. పైన తొట్టిలో పోసిన గింజలు అయిపోతే కింద రెండు రాళ్లూ ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. అప్పుడు చప్పుడు మారి గరగరమంటుంది. వెంటనే స్విచ్ ఆపాలి, లేకపోతే రాతిపొడి పిండిలో కలుస్తుంది. మా ఆయన ఆ చప్పుడును గల్లీ చివర చాయ్ తాగుతూ కూడా పసిగట్టి పరిగెత్తుకొచ్చేవాడు.

ఆ శనివారం ఆయన మోటారు పక్కనే ఉన్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నాకు కాలిన వాసన వచ్చింది. తలెత్తి చూస్తే తొట్టి ఖాళీ. నేనే వెళ్లి స్విచ్ ఆపాను.

"ఏందయ్యా, రాళ్లు గంతగనం మొత్తుకుంటుంటే నీకు వినవడ్తలేదా?" అని అరిచాను.

"ఎప్పుడు మొత్తుకున్నయ్?" అన్నాడు, అమాయకంగా.

సోమవారం సుశీల గారు ఆ రోజు పట్టించుకెళ్లిన పిండి డబ్బా వెనక్కి తెచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడిన టీచరమ్మ, మాకు పాత గిరాకీ. "శాంతమ్మా, చపాతీ నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టుందమ్మా. ఆ రోజు బయట స్కూటీ దగ్గరున్న నాకే ఆ గరగర వినపడింది. లోపల మీ ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదా?" అన్నారు.

"ఆయనకు చెవులు పోయినయ్ మేడం, నేనేం జెయ్యాలె?" అన్నాను. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ మాట మాత్రం ఆయనకు వినపడింది. ముఖం చూస్తే తెలిసింది.

అసలు ఈ చెవుల సంగతి అన్నేళ్లు ఎందుకు బయటపడలేదని చాలామంది అడిగారు. గిర్నిలో ఎవరూ నోటితో మాట్లాడరు. పిండి పడకుండా మూతికి గుడ్డ కట్టుకుంటాం, పైన మోటారు మోత. బొటనవేలు, చూపుడువేలు కలిపి రుద్దితే సన్నగా పట్టమని. ఐదు వేళ్లూ విప్పి ఆడిస్తే రవ్వలాగా అని. వచ్చే గిరాకీలు కూడా అవే సైగలు చేస్తారు. మా దుకాణంలో చెవుల అవసరమే లేదు, ఆ ఒక్క గరగరకు తప్ప.

ఇంట్లో మాత్రం నా ప్రాణం తోడేశాడు. టీవీ మోతకు పక్కింటివాళ్లు తలుపు కొట్టేవాళ్లు. నేను వంటింట్లోంచి పిలిస్తే పలకడు. దగ్గరికి వెళ్లి అరిస్తే "గట్ల అరుస్తవేంది" అంటాడు. "నువ్వే నోట్లె నోట్లె గొణుగుతవ్" అని నా మీదికే తోసేవాడు. రోజుకు పది తగువులు పెట్టుకునేవాళ్లం.

మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేశాం. ఎవరో చెబితే వెల్లుల్లి కాచిన నూనె పోశాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈఎన్‌టీ డాక్టరు చూసి, "వ్యాక్స్ బాగా గట్టిపడింది" అని తీసేశారు. నెల తిరిగినా ఏమీ మారలేదు. చెవులు శుభ్రంగా ఉన్నా పలకడం లేదంటే కావాలనే అనుకున్నాను. ఆ నెలంతా నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

మళ్లీ వెళితే డాక్టరు ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, రాశారు. ఎల్బీనగర్‌లో ఆ సెంటరు. చప్పుడు రాని చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. రిపోర్టు చూసి డాక్టరు, "రెండు చెవులకూ సెన్సోరీన్యూరల్ లాస్ ఉంది. మోతలో ఉండి ఉండి లోపల నరం దెబ్బతింది. ఇది మందులతో తిరిగి రాదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకోవాలి" అన్నారు. "గిర్నిలో చెవులకు ఏమైనా పెట్టుకునేవారా?" అని అడిగారు.

"మూతికి గుడ్డ కట్టుకుంటం సార్. చెవులకెందుకు?" అన్నాడు మా ఆయన.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. మోటారు అమ్మినవాడు గానీ, లైసెన్సు చూడటానికి వచ్చినవాళ్లు గానీ ఒక్క మాట చెప్పలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హియరింగ్ ఎయిడ్ వచ్చింది. అన్నీ తీరాయనుకున్నాను. అది కీచుమనేది. గిన్నె కింద పెడితే ఉలిక్కిపడేవాడు. పది రోజులకే దాన్ని తీసి గిర్నిలో నట్లు, బోల్టుల డబ్బాలో పడేశాడు. నేను ఊరుకోలేదు. స్విచ్ దగ్గరికి రావద్దని చెప్పి ఆయన్ని కాంటా దగ్గర కూర్చోబెట్టాను. నేనే మోటారు నడిపాను, తొట్టి మీంచి కన్ను తీయకుండా. రెండు నెలల్లో ఒక్కసారి కూడా రాళ్లు ఖాళీగా తిరగలేదని గొప్పగా చెప్పుకున్నాను.

ఆయన మాట్లాడటం మానేశాడు. మా చర్చివాళ్ల ఇళ్లల్లో వారానికోసారి ప్రార్థన కూడిక ఉంటుంది. ముందు కూర్చుని పాట ఎత్తుకునే మనిషి, అక్కడికి పోవడమూ మానేశాడు. ఎందుకని అడిగితే, "ఎవరేం ప్రార్థన జేస్తున్నరో తెల్వదు. ఆమెన్ ఎక్కడ అనాల్నో తెల్వదు. నలుగుట్ల ఏం గూసుంట?" అన్నాడు. అప్పుడు నాకు భయం వేసింది. చెవులతో పాటు మనిషినే పోగొట్టుకునేలా ఉన్నాను.

బోల్టుల డబ్బాలోంచి చెవి మెషీన్ తీసి, సరిచేయించుదామని బతిమాలి మళ్లీ ఎల్బీనగర్ తీసుకెళ్లాను. అక్కడ వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు ఒక చిన్న వయసు అమ్మాయి, రాజమండ్రి యాస. ఆయన మెషీన్ కంప్యూటర్‌కి పెట్టి సరిచేసింది. కీచుమనేది తగ్గింది. నేను నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆ అమ్మాయి అన్నీ విని, కుర్చీ నా వైపు తిప్పి, "అమ్మా, మీరు కూడా ఒకసారి లోపల కూర్చుంటారా?" అంది.

"నాకెందుకమ్మా, నాకు మంచిగనే వినవడ్తది."

"నేను టైప్ చేసుకుంటూ, అటు తిరిగి మిమ్మల్ని మూడుసార్లు పిలిచానండీ. మీరు పలకలేదు."

కూర్చున్నాను. బీప్‌ల కోసం ఎదురుచూశాను. చాలాసేపు ఏమీ రాలేదు. టెస్టు ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి మా ఇద్దరి ఆడియోగ్రామ్‌లూ పక్కపక్కన పెట్టింది. రెండు గీతలూ ఒకే చోట కిందికి జారాయి. "మోత ఇద్దరికీ ఒకటే కదమ్మా, ఆయనకొక్కరికే ఎలా వస్తుంది? మా దగ్గరికి రోజూ ఇలాగే వస్తారు. ఒకరిని పట్టుకొస్తారు, తమది మాత్రం చూపించుకోరు" అంది.

ఆటోలో ఆ శనివారం గుర్తొచ్చింది. నాకు తెలిసింది వాసనతో, చప్పుడుతో కాదు. సుశీల గారు "మీ ఇద్దరిలో" అన్నారు. నేను ఆయనొక్కడి మీదికే తోశాను.

బుద్ధి వచ్చిందని మీరు అనుకుంటే పొరపాటు. నా మెషీన్ వచ్చాక బీరువాలో చీరల కింద పెట్టాను. చర్చిలో ఆడవాళ్లు చూస్తే ఏమంటారు? కళ్లజోడు పెట్టుకుంటే ఎవరూ నవ్వరు, చెవిలో మెషీన్ కనపడితే నవ్వుతారు. ఆయన్ని మూడు నెలలు సతాయించిన నేను, అదే పని చేశాను. ఆయన ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

ఒక రోజు ఆయన ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చాడు. మోటారు ఆపి, తొట్టి లోపల అడుగున బెత్తెడు మేర రంగు పూశాడు. "గింజలు తగ్గినంక ఎరుపు కనవడ్తది. అప్పుడు ఆపాలె. ఇద్దరిల ఎవరన్న చూడొచ్చు" అన్నాడు.

"గింత మంచి ఉపాయం ఎట్లొచ్చింది?" అన్నాను.

"నిన్ను జూసే. రెండు నెల్లు నువ్వు కండ్లతోనే నడిపినవ్. ఒక్కనాడు గూడ చెవులతోని నడపలే. నాకు గప్పుడే తెల్సు."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

ఆ సాయంత్రం చీరల కింది నుంచి మెషీన్ తీసి పెట్టుకున్నాను. ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందని మర్చిపోయాను.

ఇప్పుడు స్విచ్ దగ్గర మళ్లీ ఆయనే. ఆడియాలజిస్టు చెప్పినట్టు మోటారు ఆడేటప్పుడు మెషీన్లు తీసేసి, చెవులు మూసే మఫ్‌లు పెట్టుకుంటాం. ఇంటికి రాగానే మెషీన్లు పెట్టుకుంటాం. పోయిన వినికిడి తిరిగి రాలేదు, ఇద్దరం మళ్లీ కూడికకు పోతున్నా దూరంగా కూర్చున్నవాళ్ల మాటలు ఇప్పటికీ కలగలిసిపోతాయి. నా మెషీన్ చూసి కూడికలో ముగ్గురు ఆడవాళ్లు నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పొద్దని మరీ తమ సంగతి చెప్పారు. ఇన్నేళ్లూ వాళ్లూ పక్కవాళ్లను చూసి ఆమెన్ అంటున్నారట. ఇంతమందిమి ఉండి ఇలా దాక్కోవడం ఏమిటని నాకు కోపం వస్తుంది, నా మీద కూడా.

మొన్న అన్నం తింటూ, అరవకుండా, మామూలు గొంతుతో అన్నాను. "ఆ దినం సుశీల మేడం ముంగట నిన్ను గట్ల అనాల్సింది గాదు. తప్పు నాది గూడ."

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. వినపడలేదేమో అనుకున్నాను.

"వినవడ్డది" అన్నాడు తలెత్తకుండా. "మల్లొక్కసారి చెప్పు."

చెప్పాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఎవరికైనా వినపడటం లేదని టెస్టుకు తీసుకెళ్తే, ఆ గదిలో మీరు కూడా కూర్చుని రండి. వాళ్ల మీద కోప్పడటం మీ రిపోర్టు వచ్చాక చూసుకోవచ్చు.