సగం విచ్చిన గొడుగు

మా బావ పోయాడు. టెలిగ్రాం అందుకుని, విశాఖలో దొరికిన బస్సు పట్టుకుని, ఘాటు ఎక్కి అరకులో అక్క ఇల్లు చేరేసరికి వాకిట్లో పరామర్శలు జోరుగా సాగుతున్నాయి. "విమానాల్లోంచి దూకినా ఏమీ కాని మనిషి మంచం మీద నిద్దట్లో పోయాడు, అంతా విధి" అంటున్నాడొకాయన. "ఆ రోజున కూడా అదృష్టమే కదండీ కాపాడింది" అని పక్కాయన తాళం వేశాడు. చావింట్లో తగువెందుకని నోరు మూసుకున్నాను. అక్కడ మింగిన మాట ఇక్కడ కక్కుతున్నాను. మా బావ అదృష్టవంతుడు కాదు. అలా అన్నవాళ్లు ఆయన చేసిన పనిని ఆయన దగ్గర్నుంచి లాక్కుని ఎవరికో దానం చేస్తున్నారు.

ఆయనది శృంగవరపుకోట దగ్గర రైతు కుటుంబం. సైన్యంలో పారాచూట్ దళంలో సుబేదారు. కుర్ర సిపాయిలకు దూకడం నేర్పేవాడు. ఎవరింటికెళ్లినా ముందు పెరటి గుమ్మం ఎటుందో చూసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేవాడు. బిగుసుకున్న తలుపును రెండుసార్లు లాగేవాడు. రాకపోతే ఇంకో తలుపు దగ్గరికి పోయేవాడు. "రెండుసార్లు లాగు బామ్మర్దీ. మూడోసారి లాగేది సెయ్యి కాదు, ఆశ" అనేవాడు.

దూకాక పారాచూట్ గొడుగు అసలు తెరుచుకోకపోతే భయం కాదా అని ఒకసారి అడిగాను. నవ్వాడు. "అసలు తెరుసుకోపోతే ఏ గొడవా నేదు. మనిషి బేగి రెండోది లాగుతాడు. సగం తెరుసుకున్నదే సంపుతాది. ఇంకాసేపు సూద్దాం అనిపిత్తాది." పాడైన గొడుగును భుజాల దగ్గర విప్పి వదిలేశాకే రొమ్ము మీది రెండో గొడుగు తెరవాలి. వదలకుండా తెరిస్తే రెండూ మెలిపడి మనిషిని మూటగట్టి పడేస్తాయి.

మా అక్కకు బావతో పెళ్లి రెండోది. మొదటివాడు కొట్టేవాడు, మధ్యమధ్యలో చీరలు తెచ్చేవాడు. ఆ చీరలు చూపించి మా పెద్దలు, మరీ అంత చెడ్డవాడేం కాదు, సర్దుకోవే అనేవారు. అక్క రెండుసార్లు తిరిగి వెళ్లింది. మూడోసారి వెళ్లలేదు. నర్సు ట్రైనింగు చేసి, కొండెక్కి, అరకు ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుంది. సెలవులో వచ్చి మన్యం జ్వరంతో అక్కడ పడుకున్న సిపాయే మా బావ. రెండో పెళ్లిదని ఎవరైనా నసిగితే ఆయన సమాధానం ఒక్కటే: "నాకన్నా ముందు దూకింది ఆవిడ. నాకు గవుర్నమెంటు గొడుగైనా ఉంది. ఆవిడికి అదీ నేదు."

ఒక శీతాకాలం అరకు సంత మైదానంలో బావ జట్టు దూకి చూపించాలని ఏర్పాటైంది. విమానం విశాఖలో లేవాలి, మనుషులు అరకులో దిగాలి. చిక్కంతా ఇక్కడే. ఎత్తు చూపించే మీటరు గడియారంలా ఉంటుంది, నేల దగ్గరపడే అంకెల మీద ఎర్రపట్టీతో. దాన్ని సముద్రం పక్కన సున్నాకి పెడితే, అరకు నేల మీద మూడు వేల అడుగులు చూపిస్తుంది. అంటే ఇంకా బోలెడు ఆకాశం ఉందని మీటరు చెబుతుండగానే మనిషి చేలో పడి ఛస్తాడు. ఆ మూడు వేలూ మనసులో తీసేసుకుంటే సరిపోదా అన్నాడట జట్టులో ఒక కుర్రాడు. "పడతన్నప్పుడు తీసివేత లెక్కలు ఎవుడు సేత్తాడ్రా?" అన్నాడట బావ.

అందుకని ముందుగా మీటరు పట్టుకుని కిరండూల్ పాసింజరు ఎక్కాడు. నేనూ వెంట వెళ్లాను. విశాఖ ప్లాట్‌ఫారం మీద సున్నా పెట్టి, ఒళ్లో ఉంచుకుని, సొరంగం తర్వాత సొరంగం ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. టైడాలో విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపుతో ఎక్కిన ముసలమ్మ ఆ గడియారం ఏటి సెప్తాదని అడిగింది. కొండ ఎంత ఎక్కామో సెప్తాదమ్మా అన్నాడు. "అది మోకాళ్లు సెప్తాయి గదా బాబూ" అంది. పెట్టె మొత్తం నవ్వింది, అందరికన్నా గట్టిగా బావ. అరకులో దిగి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసుకుని, అక్కడ సున్నా పెట్టాడు. తిరిగి విశాఖ చేరాక జట్టులో అందరి మీటర్లూ అదే లెక్కన సున్నాకి వెనక్కి తిప్పించాడు.

దూకే రోజున అక్కా నేనూ మైదానంలో నిలబడ్డాం. ఆఖర్న దూకింది బావ. తెల్లగా గొడుగు విచ్చుకోగానే జనం చప్పట్లు కొట్టారు. కానీ అది గుండ్రంగా లేదు. ఒక తాడు పైనుంచి అడ్డంగా పడి రెండు ముద్దలైంది. మనిషి గిరగిరా తిరుగుతున్నాడు. మైకు దగ్గరున్న పెద్దమనిషి "పట్టుకో, వదలకు, పట్టుకో" అని అరవడం మొదలుపెట్టాడు. జనమూ అదే అందుకున్నారు. నా పక్కన అక్క మాత్రం, మంచం మీది రోగితో మాట్లాడినంత మెల్లగా, "వదిలెయ్యి. వదిలెయ్యి" అంటోంది.

బావ తాళ్లు ఒకసారి గుంజాడు. మళ్లీ గుంజాడు. అంతే. తెల్లగుడ్డ తన దారిన తాను గాల్లో తేలిపోయింది, మనిషి రాయిలా కిందికి. మైదానం అంతా ఒక్క కేక. ఆ కేక ముగియకముందే ఆయన రొమ్ము దగ్గర్నుంచి చిన్న గొడుగు లేచింది. చిన్నదే, కానీ నిండుగా.

వలిసెల చేలో పడి, నడుం లోతు పసుపు పూల మధ్య లేచి నిలబడి చెయ్యి ఊపాడు. థింసా ఆట కోసం పిలిపించిన డప్పులవాళ్లు ఎవరూ చెప్పకుండానే వాయించేశారు. జనం పరుగు తీశారు. అక్క పరిగెత్తలేదు. నడిచి వెళ్లి, ఆయన చొక్కాకి అంటిన పూరేకులు దులిపి, ముఖం ఎండిపోయింది, నీళ్లు తాగమంది.

ఆ సాయంత్రం అడిగాను, అంత కొద్ది వ్యవధిలో ఎప్పుడు తేల్చుకున్నావు బావా అని.

"రైల్లో" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. "ముల్లు ఎర్రపట్టీ అంచుకి తగిలిందా, వదిలేత్తాను. ఇది నేల మీదున్నప్పుడే ఒట్టేసుకున్నాను. పైన తేల్చుకోడానికేటుంది? పైన సెయ్యడమే."

ఇప్పుడు చెప్పండి, ఇందులో విధి ఎక్కడుంది? మైకు పట్టుకుని "వదలకు" అని అరిచే పెద్దమనిషి మాత్రం మనకు ఊరూరా ఉన్నాడు. కులం కుళ్లిందంటే, కొంత మంచీ ఉంది కదా అంటాడు. కాపురం కాలుతోందంటే, చీరలు తెస్తున్నాడు కదా అంటాడు. సగం విచ్చిన గొడుగును చూపించి మనల్ని నేలకు కొట్టించే బాపతు ఇది. పడేది వాడు కాదు మరి! పోనీ, వదిలేసినవాడు బతికి బట్టకడితే ఒప్పుకుంటాడా? అదృష్టం అంటాడు. మా బావ బతికింది ఒట్టు నిలబెట్టుకుని. మా అక్క బతికిందీ అలాగే. ఇద్దరూ గెలిచారు. ఆ మాట గట్టిగా చెప్పడానికే ఇది రాశాను.

కర్మకాండలు వద్దని అక్కతో ఎప్పుడో చెప్పి ఉంచాడు బావ. బూడిద మాత్రం సముద్రంలో కలపమన్నాడట, పుణ్యానికి కాదు. "ఎత్తన్నది అక్కడి నించే గదా మొదలవుద్ది" అన్నాడట. రిటైరైనప్పుడు తోటివాళ్లిచ్చిన మీటరు ఒళ్లో పెట్టుకుని అక్క నాతో రైలెక్కింది. అరకులో సున్నా మీదున్న ముల్లు, బండి దిగుతున్న కొద్దీ సున్నా దాటి వెనక్కి జారిపోయింది. అక్క దాన్ని ముట్టుకోలేదు. సముద్రంలో పని అయ్యాక, తడి చేతులు చెంగుకు తుడుచుకుని, ఇసకలో కూర్చుని మర తిప్పి సున్నా పెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఎదుటి సీటామె అదేమిటని అడిగింది. మా ఆయన గడియారం అని చెప్పి అక్క కిటికీ వైపు తిప్పి పట్టుకుంది. సొరంగం వచ్చినప్పుడల్లా ముల్లు చీకట్లో కలిసిపోయేది. వెలుతురులోకి వచ్చి చూస్తే ఇంకాస్త పైన ఉండేది.