నాయన అతికించిన రెండు రంగులు

మొన్న గిద్దలూరులో జాకెట్టు కుట్లు వదులు చేయించుకుందామని ఒక టైలరు దుకాణం మెట్లెక్కితే, ఆయన అప్పుడే మిషను తలను పక్కకు వంచి నూనె వేస్తున్నాడు. ఆ వాసన తగిలిందో లేదో నా చేతివేళ్లు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. కుడిది పైకి, పైది ఎడమకు, కుడిది కిందికి, పైది కుడికి. పిల్లలకు లెక్కలు చెప్పుకునే ఇరవై ఆరేళ్ల మనిషి, దుకాణం మధ్యలో నిలబడి గాలిలో ఏదో తిప్పుతూ ఉంటే టైలరు బిత్తరపోయి "ఏందమ్మా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. నిజానికి ఒళ్లు మండిపోతోంది. పదిహేనేళ్ల నాటి కోపం అది, మిషను నూనె వాసన వస్తే చాలు, నిన్నటిదై కూర్చుంటుంది.

అప్పుడు మేం మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉండేవాళ్లం. నాయన అందులో కోత మిషను మీద పనిచేసేవాడు, అమ్మ చెక్క ఫ్రేములకు బంక పూసి పలకలు బిగించేది. పొద్దున మామూలుగా పోయిన నాయన సాయంత్రానికి కనురెప్పల దాకా బూడిద రంగు పొడి కప్పుకుని వచ్చేవాడు, తొట్టి దగ్గర నీళ్లు పోసుకుంటే కాళ్ల కింద కాలువ సిమెంటు కలిపినట్టు పారేది. మూల విరిగిన పలకలన్నీ మా ఇంటికే వచ్చేవి. కుండ మీద మూత పలక, పిల్లి రాకుండా కిటికీకి అడ్డం పలక, తొక్కుడుబిళ్ల పలక ముక్క, ఎండాకాలం మధ్యాహ్నాలు నేల కాలిపోతుంటే పొట్ట ఆనించి పడుకోవడానికి నాలుగు పలకలు పరిచిన చల్లటి పడక. వానలు తగ్గి దసరా దగ్గర పడేసరికి యర్రగొండపాలెం బస్సు మీద సీతాఫలాల బుట్టలు దిగేవి, ఆ గింజలు ఎంత దూరం ఉమ్మగలమో పందెం వేసుకుని వీధంతా నల్లగా చేసేవాళ్లం.

ఆ వీధిలోకి క్యూబ్ వచ్చింది. గిద్దలూరు రైల్వే స్టేషను బయట తోపుడుబండి మీద చూసి నాయన కొనుక్కొచ్చినాడు, రంగులు బాగున్నాయని తప్ప అదేమిటో ఆయనకు తెలియదు. ఆరు మొహాలు, మొహానికి తొమ్మిది కాగితపు రంగులు, వరుసలు తిప్పుతూ ఒక్కో మొహం ఒకే రంగు చేయాలి. ఒకసారి చెదిరితే మళ్లీ కలవని దానితో నేను వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నా స్నేహితురాలు షబానా వాళ్ల అన్న ఎక్కడో ఇంటర్నెట్లో చూసి ఇంగ్లీషులో ఉన్న పద్ధతిని కాగితం మీద అచ్చు తీసి ఇస్తే, ఇద్దరం కూర్చుని దాన్ని మా భాషలోకి మార్చి విరిగిన పలకల మీద బలపంతో రాసుకున్నాం. గోడకు వరుసగా ఆనించిన ఏడు పలకలు, ఏడు మెట్లు. ఎక్కాలు చదివినట్టు రాగం తీసి చదివేవాళ్లం. షబానా వాళ్ల నాన్నది టైలరు దుకాణం. క్యూబ్ బిగుసుకుపోతే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు సందుల్లో వేసేవాడు, అది జారినట్టు తిరిగేది. ఆయన ఫోనులో గడియారం పెట్టి షబానా కేక వేసేది.

"ఏమే, నలభై రెండు సెకండ్లు! నిన్నటికంటే మూడు తగ్గినావు!"

ఆ ఏడాది ఊళ్లో మెదడుకు పదును పెడతామంటూ ఒక శిక్షణ కేంద్రం తెరిచిన సార్, దసరా రోజున కల్యాణ మండపంలో క్యూబ్ పోటీ పెడుతున్నానని ప్రకటించాడు. ఎవరి క్యూబ్ వాళ్లే తెచ్చుకోవాలి, మొదట వచ్చిన ఒక్కరిని విజయవాడలో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. నేను అప్పటిదాకా గిద్దలూరు దాటి పోలేదు. నాయన ఫ్యాక్టరీలో అందరికీ చెప్పేసినాడు, మా పాప విజయవాడ పోతాదని. నేను కాకుండా ఇంకొకరు పోవడం అనేది నా తలలోకే రాలేదు. ఇంట్లో అంత వేగం వచ్చాక ఎందుకు వస్తుంది?

మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ అంటే పెద్ద సందడి. మిషన్లన్నీ కడిగి, రంపపు బిళ్లలకు పసుపు రాసి బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, గుమ్మడికాయ కొట్టి, అందరికీ దోసిళ్లతో గుగ్గిళ్లూ కొబ్బరి ముక్కలూ పంచేవారు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పూజ కదిలించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. పోటీకి ముందురోజు సాయంత్రం నాయన నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపినాడు.

"అది ఇయ్యమ్మా, పూజలో పెడతా. నీ పనిముట్టు అదే గదా."

ఇచ్చాను. పూజ నుంచి తీయగానే పోటీలో మొదటి తిప్పుడు పడాలని, రంగులన్నీ బాగా చెదరగొట్టి మరీ ఇచ్చాను. ఆ తెలివి నాదే. సరిగ్గా పేర్చి ఇచ్చి ఉంటే ఏ రంగు ఎటు ఉండాలో చూడగానే తెలిసేది, ఏమీ అయ్యేది కాదు.

దసరా పొద్దున పదిగంటలకు పూజ కదిలించి, క్యూబ్‌ను కొత్త తువ్వాలులో చుట్టుకుని నాయన నేరుగా మండపానికి వచ్చినాడు. దాని మీద కుంకుమ బొట్టు. బల్లల మీద పదిమందిమి, ఎదురుగా మైకు పట్టుకున్న సార్, కుర్చీల్లో ఊళ్లో పెద్దలు. సార్ ఒక్కొక్కరి క్యూబ్ తీసుకుని రంగులు చెదరగొట్టి బల్ల మీద పెట్టాడు. ఈల ఊదాడు. తెల్లది కలిసింది, పక్క వరుసలు కలిశాయి, నా పక్కన వాళ్లు ఇంకా మొదటి మొహంతోనే కుస్తీ పడుతున్నారు. పైన పసుపు మొహం చూసి ఆగిపోయాను. అక్కడ నడిమి గడికి నాలుగు వైపులా ఉండే అంచు గడుల్లో పసుపువి రెండో, నాలుగో ఉండాలి, లేదా ఒక్కటీ ఉండకూడదు. మూడు ఉన్నాయి. ఎన్ని వందలసార్లు పేర్చినా మూడు ఎప్పుడూ రాలేదు, రాదు. మళ్లీ తిప్పాను, ఒకటి వచ్చింది. మళ్లీ మూడు. చేతులకు చెమట పట్టి క్యూబ్ జారుతోంది. రెండు నిమిషాలు దాటాక, ఆ సార్ దగ్గరే చదువుకునే పిల్లవాడు పూర్తి చేసి చెయ్యెత్తాడు. చప్పట్లు.

నేను లేచి నిలబడి "సార్, దీని రంగులు తారుమారైనాయి, ఎవరు తిప్పినా కలవదు" అన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వులోంచి మా నాయన లేచినాడు, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే సార్. బొట్టు పెడదామని తడిగుడ్డతో తుడిస్తే రెండు రంగులు ఊడినాయి. పాప బాధపడతాదని ఫ్రేముల బంకతో అతికిచ్చినా. నీలం ఒకపక్క, నారింజ ఒకపక్క. అటూ ఇటూ అయిందేమో. తప్పు నాది, పాపకు ఇంకొకసారి అవకాశం ఇయ్యండి సార్."

సార్ మైకు దగ్గరికి తెచ్చుకుని, "చూశారా, ఓడిపోతే ఎన్ని కథలు పుడతాయో" అన్నాడు. అని ఊరుకోలేదు. "పలకలు కోసుకునే ఇంటి పిల్లకు ఈ మెదడు ఆటలెందుకు పెద్దాయనా, ఒక పలక కొనిచ్చి అ ఆలు దిద్దించు" అన్నాడు. ఊళ్లో సగం మంది కడుపు నింపింది ఆ పలకలే, ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లూ వాటి మీదే అక్షరాలు దిద్దారు, అయినా ఇకిలించారు. బహుమతులు అయ్యాక, సార్ దగ్గరే ఉండిపోయిన నా క్యూబ్ తెచ్చుకుందామని నేనూ షబానా వేదిక వెనక్కి పోయాం. అక్కడ సార్ గోడవైపు తిరిగి నా క్యూబ్ తిప్పుతున్నాడు. పసుపు మొహం దాకా వచ్చి ఆగాడు. మూడు అంచులు. కాసేపు చూశాడు, గోరుతో నారింజ రంగు అంచు గీకాడు, బంక వేలికి తగిలింది. మమ్మల్ని చూసి క్యూబ్ నా చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. వాడికి తెలిసింది. బయట మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది, ఒక్క మాట చాలు, చెప్పలేదు. మర్యాదగా "ఆయన" అని రాయాలని ఉంది గానీ చెయ్యి రావడం లేదు.

ఆ కోపం వాడి మీద చూపించే ధైర్యం నాకు లేదు. ఇంటికి పోయే దారిలో, పక్కనే తల వంచుకుని నడుస్తున్న మనిషి మీద చూపించాను.

"నీకెవరు ముట్టుకోమన్నారు? నువ్వు ముట్టుకోకుంటే నేను గెలిచేదాన్ని. ఇంగ నా వస్తువు ఏదీ ముట్టుకోవాకు!"

నాయన "సరేమ్మా" అన్నాడు. అంతే. ఆ మాటను ఆయన ఎంత గట్టిగా పాటించినాడంటే, పరీక్షల రోజుల్లో నా హాల్ టికెట్ కూడా అమ్మ చేతనే అందించేవాడు, నా కొత్త సైకిలు గాలి పోతే దుకాణం దాకా పక్కన నడిచినాడు గానీ హ్యాండిలు పట్టుకోలేదు. నేను అది గమనించేసరికి పెద్దదాన్నయ్యాను. గమనించి కూడా నోరు తెరవలేదు, అది నా మీద నాకున్న కోపం.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. రంపాలు పాత ఇనుముకు పోయాయి, ఆ స్థలంలో కార్లు కడుగుతున్నారు. గోడకు ఆనించిన మా ఏడు పలకలు ఇల్లు మారేటప్పుడు ఎక్కడ పోయాయో తెలియదు, షబానా నంద్యాలలో ఉంది, వాళ్ల నాన్న దుకాణం మూతపడింది. మా వీధి పిల్లలు అయస్కాంతాలున్న క్యూబులు తెప్పించుకుని పదిహేను సెకండ్లలో పేరుస్తున్నారు, వాటికి రంగు కాగితాలే ఉండవు, ఊడే బాధే లేదు. శిక్షణ కేంద్రం మాత్రం రెండంతస్తులైంది.

టైలరు దుకాణం నుంచి వచ్చిన సాయంత్రం ట్రంకుపెట్టె అడుగు నుంచి నా క్యూబ్ తీశాను. యాభై నాలుగు రంగుల్లో దాదాపు అన్నీ రాలిపోయి, మొహాలన్నీ నల్లగా బోసిగా ఉన్నాయి. ఒక్క అంచు మీద నీలం, నారింజ, పలకల ఫ్రేముల బంకతో అతికించినవి, గోరుతో గీకినా కదలకుండా ఉన్నాయి. వరండాలో కూర్చున్న నాయన దగ్గరికి పోయి, ఇన్నేళ్లకు, చెయ్యి చాపి, "నాయనా, ఇది పట్టుకో" అన్నాను.

ఆయన దాన్ని గుర్తుపట్టినాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనెందుకులేమ్మా. మళ్లా ఏమన్నా చెడగొడతా."