చీటీ లేని సందేహాలు

మందుల షాపు మెట్టెక్కితే చాలు, మా పెదనాన్నకి సందేహాలు పుట్టుకొస్తాయి. బయట ఆయనంత నోరులేని మనిషి ఉండడు. పుచ్చిన కూరగాయలు అంటగట్టినా, దేవుడిచ్చింది ఇంతే అన్నట్టు సంచిలో వేసుకుని వచ్చేస్తాడు. అలాంటివాడు ఆ గాజుబల్ల మీద మోచెయ్యి ఆనించాడా, ఇక కదిలించడం ఎవరి తరమూ కాదు.

ఒకసారి జలుబు మాత్రల డబ్బా అటూ ఇటూ తిప్పి, గడువు ఈ నెల అని వేశారు, అంటే నెల మొదట్లోనా, చివర్లోనా అన్నాడు. నెలాఖరు దాకా వాడొచ్చని షాపాయన చెప్పాడు.

"ఆఖరి రోజు అర్ధరాత్రి అయిందని లోపలున్న మాత్రకెవరు చెబుతారు నాయనా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. షాపాయన మాత్రం నవ్వలేదు. పరగడుపున అంటే కాఫీ తాగాక కూడా పరగడుపేనా, దగ్గు మందు అడగ్గానే ఇచ్చేవాడివి నిద్రమాత్రకి డాక్టరు చీటీ ఎందుకు అడుగుతావు, విప్పని డబ్బా వెనక్కి తీసుకుంటావా? ఇలా ఆ పూటకి ఇంకా చాలా మిగిలి ఉన్నాయి మరి.

కూర్చోబెడితే ఊరుకుంటాడేమోనని షాపాయన ఒక స్టూలు వేయించాడు. ఊరుకోలేదు సరికదా, కాళ్ళ నొప్పి కూడా లేకుండా అడగసాగాడు. చివరికి ఆ మంచి మనిషి బతిమాలుకున్నాడు, మధ్యాహ్నం పూట ఎవరూ ఉండరు, అప్పుడొస్తే తీరిగ్గా అన్నీ చెబుతానని.

"ఎవరూ లేనప్పుడు అడిగి ఏం లాభం?" అన్నాడు పెదనాన్న, నిజంగానే అర్థం కానట్టు.

ఈయనకి చూసే జనం కావాలి, నాటకాల్లో చేరాల్సిన మనిషి అని పెద్దమ్మ తేల్చేసింది. మేమూ అదే అనుకున్నాం, మొన్న సాయంత్రం దాకా.

ఆ రోజు నేనూ పెదనాన్న వెంట వెళ్ళాను, షాపు కిటకిటలాడుతోంది. మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ బీపీ మాత్రల చీటీ ఇచ్చి ధర విన్నది. ముఖం చిన్నబోయింది. సగమే ఇమ్మంది. షాపాయన మాత్రల అట్ట కత్తిరించబోతుంటే, రోజు విడిచి రోజు వేసుకుంటే సరిపోతాయిలే అని తనలో తాను గొణుక్కుంది. ఆ సందడిలో షాపాయనకి వినపడలేదు. స్టూలు మీదున్నాయనకి వినపడింది.

"నాయనా, నాకో సందేహం. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవచ్చా?"

"వద్దు పెద్దాయనా, ప్రమాదం. రోజూ పడాల్సిందే."

"మరి ఖరీదెక్కువైతే? అదే మందు ఇంకో కంపెనీది తక్కువలో దొరుకుతుందా?"

"దొరుకుతుంది. అయినా ఇవాళ మీ దగ్గర చీటీ కూడా లేదుగా?"

"సందేహానికి కూడా చీటీ కావాలా?"

షాపాయన కత్తెర చేతిలో ఉండగానే పెదనాన్నని చూశాడు, తర్వాత ఆవిడని చూశాడు. కత్తెర కింద పెట్టి డాక్టరుకి ఫోన్ చేశాడు. లోపలుండే మందు ఒకటేనని, నిశ్చింతగా వాడొచ్చని ఆవిడకి చెప్పి, చవకవి నెలకి సరిపడా కట్టి ఇచ్చాడు. ఆవిడ పొట్లం కొంగున దాచుకుని, పెదనాన్న వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. ఆయనా ఆవిడ వైపు చూడలేదు. పంటి నొప్పి మాత్ర రెండో పన్నుకి కూడా పనిచేస్తుందా అని అప్పటికే ఇంకో సందేహం మొదలుపెట్టాడు.

దారిలో, ఆవిడ కోసమే అడిగావు కదా అన్నాను.

"పదిమందిలో ధర సంగతి ఎత్తాలంటే సిగ్గుగా ఉండదూ? నాకు ఎలాగూ పిచ్చివాడని పేరొచ్చేసింది, నేనడిగితే ఏం పోయింది?" అన్నాడు.

ఇంటికెళ్ళాక పెద్దమ్మ ఆయన అరచేతిలో ఏవో మాత్రలు పెట్టింది. ఒకటి ఎర్రది, రెండు తెల్లవి. కిమ్మనకుండా గుటుక్కున మింగేశాడు.

అవేమిటో తెలుసా అన్నాను.

"ఏమో, మీ పెద్దమ్మకి తెలుసు" అని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు.