హత్నూర అమ్మమ్మకు ఉత్తరాలు

సత్తెమ్మ పేరు మీద ఈ అరవై రెండేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా రాలేదు. ఆమె పేరు అచ్చయి వచ్చినవి రెండే. ఒకటి రేషన్ కార్డు, రెండోది మొగుడు యాదగిరి పోయాక మారిన పట్టాదారు పాసుబుక్కు. అందుకు ఆమె ఏనాడూ బాధపడింది లేదు. గుమ్మడిదలలో నాట్లేసినన్నాళ్ళూ, ఆ తర్వాత మందుల కంపెనీ క్యాంటీన్‌లో రొట్టెలు కాల్చినన్నాళ్ళూ ఉత్తరాల మీదికి మనసు పోయే తీరిక ఎక్కడిది? మనవరాలు తనుశ్రీ పుట్టినప్పుడు, పసిదానికి నీళ్ళు పోయడానికని పటేల్‌గూడలో కొడుకు రాజశేఖర్ ఇంటికి వచ్చింది. నెల రోజులకని వచ్చిన మనిషి, ఐదేళ్ళుగా అక్కడే ఉండిపోయింది.

కొడుకూ కోడలు రవళీ పొద్దున్నే ఎవరి కంపెనీ బస్సు వాళ్ళు ఎక్కిపోతారు. పిల్లకు తల దువ్వడం, తినిపించడం, బడికి దింపడం, తిరిగి తేవడం అన్నీ సత్తెమ్మే. పిల్ల తన కొంగు వదలదని వాడకట్టులో గొప్పగా చెప్పుకునేది కూడా.

ఒకరోజు బడిలో టీచరమ్మ పిల్లలతో పోస్టాఫీసు ఆట ఆడించింది. ఇంటికొచ్చిన తనుశ్రీకి ఇక అదే ధ్యాస. సత్తెమ్మ మిక్సీ వచ్చిన అట్టపెట్టె వెతికి తీసి, కత్తితో ఉత్తరం పట్టేంత చీలిక పెట్టి, ఎర్రటి జాకెట్టు గుడ్డ చుట్టింది. స్టాంపులకని కోడలి బొట్టుబిళ్ళలు తెచ్చింది. బెండకాయను అడ్డంగా కోసి కుంకుమ నీళ్ళలో అద్ది ముద్ర వేయడం కూడా తానే నేర్పింది. కాగితం మీద పువ్వులా పడిన ముద్ర చూసి పిల్ల చప్పట్లు కొట్టింది.

మొదటి ఉత్తరం మడిచి తనుశ్రీ హుకుం వేసింది.

"నానమ్మా, నువ్వు పోస్ట్‌మ్యాన్‌వి. ఇది హత్నూర అమ్మమ్మకు ఇచ్చి రా."

హత్నూర కోడలి పుట్టినూరు, ఈ ఆటలో మాత్రం ఫ్రిజ్ పక్కన కిటికీ గట్టు. సత్తెమ్మ నవ్వుకుంటూ అక్కడ పెట్టి వచ్చింది. రెండోదీ హత్నూరకే. మూడోదీ అక్కడికే. వారం తిరిగేసరికి గట్టు మీద గుట్ట పడ్డాయి, అన్నీ వియ్యపురాలు ధనలక్ష్మికే. ఆవిడ ఎప్పుడో ఓసారి వచ్చి, సంచెడు జామకాయలిచ్చి, రెండు రోజులుండి పోయే మనిషి. ఆ జామకాయల గింజలు తీసి పిల్లకు పెట్టింది ఎవరు? జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నది ఎవరు? ఉత్తరాలు మాత్రం ఆవిడకు. అవి మోసేది తను. 

ఒక ఉత్తరం విప్పి చూసింది. పొడుగు జడ ఉన్న ఆడమనిషి బొమ్మ. సత్తెమ్మ తన పిడికెడు కొప్పు తడుముకుంది. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది. పొద్దుగూకేదాకా మనసు గుంజుతూనే ఉంటే, తీసి గట్టు మీద పెట్టేసింది.

మర్నాడు ఇక ఉండబట్టలేక అడిగింది. "నాకు ఒక్కటన్న రాయవా బిడ్డా?"

పిల్ల వింతగా చూసింది. "నువ్వు ఈడ్నే ఉంటవ్ కదా నానమ్మా. ఉత్తరం దూరం ఉన్నోళ్ళకే రాస్తరు. మా టీచర్ చెప్పింది."

ఆ మాట సత్తెమ్మ గుండెలో దిగబడింది. రెండు రోజులు ఆలోచించి, సంచిలో రెండు చీరలు సర్దుకుంది. చెల్లెలు శివమ్మను చూసి వస్తానని కొడుకుకు చెప్పి గుమ్మడిదల బస్సెక్కింది.

శివమ్మ ఆశ్చర్యపోయింది. "ఏమైందక్కా? కోడలు ఏమన్న అన్నదా?"

"అదేమంటది పాపం. నువ్వు యాదికొచ్చినవ్, వచ్చిన."

రెండో రోజు సాయంత్రం రాజశేఖర్ ఫోన్ నుంచి పిల్ల మాట్లాడింది.

"నానమ్మా, నీకు ఉత్తరం ఏసిన. వచ్చిందా?"

సత్తెమ్మ ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకుంది. "వచ్చింది బిడ్డా."

"ఏం రాసిన చెప్పు?"

"జల్దీ రమ్మని రాసినవ్."

"కాదు. కోడి బొమ్మ ఏసిన."

సత్తెమ్మ నవ్వబోయింది. ఇంతలో ఫోన్లో వెనక నుంచి ఎవరిదో గొంతు వినిపించింది. "ఈ బుక్క తిను తల్లీ, మళ్ళ మాట్లాడుదువు."

"ఎవరు బిడ్డా అది?"

"అమ్మమ్మ. నిన్ననే వచ్చింది. బడికి కూడ తనే తీసుకపోతుంది."

ఫోన్ పెట్టేసినా సత్తెమ్మ చెవిలో ఆ గొంతే. ఉత్తరం కోసం ఇల్లే ఆవిడ చేతిలో పెట్టి వచ్చానే అని తనను తాను తిట్టుకుంది. శివమ్మ నాటుకోడి కోస్తానన్నా వినలేదు. తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరింది.

ఆ రోజు ఆదివారం. ఇంటికి పోయేసరికి ధనలక్ష్మి పోస్ట్‌మ్యాన్‌లా భుజానికి పిల్ల బడి సంచి వేలాడేసుకుని, ముఖం ముడుచుకుని హాల్లో నిలబడి ఉంది. చేతిలో కుంకుమ ముద్ర వేసిన కాగితం.

"వచ్చినవా వదినె" అంది. "మూడొద్దుల నుంచి నీకే రాస్తుంది. గుమ్మడిదల అంటే ఆ బీరువా కింద అట. వంగి పెట్టలేక నా నడుము పోయింది. ముందట్నే కూసున్న, నాకు ఒక్కటి రాయలే."

సత్తెమ్మ నేల మీద కూర్చుని బీరువా కింద చెయ్యి పెట్టింది. ఒక్కొక్కటే లాగింది. తొమ్మిది. కోడి బొమ్మ దొరికింది. వాటిని ధనలక్ష్మి ముందే, కావాలనే, నిదానంగా ఒడిలో పరిచింది. ధనలక్ష్మి కిటికీ వైపు తిరిగింది. ఆ చూపు ఎలాంటిదో సత్తెమ్మకు బాగా తెలుసు. అయినా జాలి పడలేదు. చాయ్ మాత్రం పెట్టి ఇచ్చింది.

మర్నాడు ధనలక్ష్మి ఊరికి పోయింది. తనుశ్రీ ఉత్తరాలు మళ్ళీ హత్నూరకు మళ్ళాయి. సత్తెమ్మ గొణుక్కుంటూనే మోసింది.

అప్పటి నుంచి నెలకోసారి ఆమె గుమ్మడిదల పోయి రెండు రోజులుండి వస్తోంది. చెల్లెలికి మోకాళ్ళ నొప్పులని అందరికీ చెబుతుంది. శివమ్మ మాత్రం పొద్దున లేస్తే చేనంతా తిరిగి వస్తుంది.