పుంగనూరులో షాహీన్ మేడమ్ ఒప్పుకున్న తప్పు

కుప్పం బస్టాండులో టీ తాగుతుంటే పక్కనున్న చిన్న స్పీకరు డబ్బా ‘పది రూపాయలు అందాయి’ అని అరుస్తుంది. అందరికీ మామూలు శబ్దమే. నేను మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేస్తాను. షాహీన్ మేడమ్ గుర్తొస్తారు. మదనపల్లెలో ఒక బట్టల కొట్టు మీది రెండు గదుల్లో వెబ్‌సైట్లు చేసే ఆఫీసు ఆమెది. నాకు మొదటి ఉద్యోగమిచ్చి పని నేర్పింది ఆమే.

డబ్బు కట్టే ఏర్పాటు ఏ సైటులో పెట్టినా మమ్మల్ని కుప్పం బస్సెక్కించేవారు. “సిగ్నల్ యాడ పోతాదో ఆడ ఒక రూపాయి కట్టి సూడప్పా. ఆఫీసులో కూర్చుంటే అన్నీ బాగానే ఉంటాయి,” అనేవారు. డబ్బు కట్టాక ఫోన్‌లో పేజీ మన సైటుకు తిరిగి రావాలి. సిగ్నల్ పోతే రాదు. అందుకే పేమెంట్ కంపెనీ సర్వరు నేరుగా మన సర్వరుకు డబ్బు ముట్టిందని కబురు పంపుతుంది. దాన్నే వెబ్‌హుక్ అంటాం. పేజీని నమ్మొద్దు, ఆ కబురునే నమ్మమని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవారు.

ఒక ఆసుపత్రికి డయాలసిస్ బుకింగ్ సైటు చేశాం. డబ్బు అందినట్టు పావుగంటలో తెలియకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. వాళ్లు తొందరపెట్టారు. నేను పేజీ తిరిగొచ్చే ఏర్పాటు మాత్రం చేసి, వెబ్‌హుక్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. బస్సెక్కలేదు. ఎక్కానని మేడమ్‌కు అబద్ధం చెప్పాను.

పుంగనూరు దగ్గరి పల్లెలో వెంకటప్ప అనే పాడిరైతు భార్య కోసం డబ్బు కట్టాడు. సిగ్నల్ పోయింది. పేజీ తిరిగి రాలేదు, మంచం వేరొకరికి వెళ్లింది. ఆసుపత్రికి వస్తే రేపు రమ్మన్నారు. మరుసటి రోజు బస్సు వచ్చేలోపే ఆమె ప్రాణం పోయింది.

సంగతి బయటపడ్డాక మేడమ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆసుపత్రి మేనేజరు ఫోన్‌లో, “నెట్‌వర్క్ పోయిందని చెప్పేయండి మేడమ్, ఆడికి అయిపోతాది,” అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, “లేయప్పా, పుంగనూరు పోదాం,” అన్నారు.

“ఇప్పుడు పోయి ఏం చేస్తాం మేడమ్?”

“చెప్పాల గదా.”

పల్లెలో వాళ్లింటి గుమ్మం దగ్గర మేం ఎవరమో తెలియగానే వెంకటప్పే మొదలుపెట్టాడు. “నేనే ఏందో తప్పు నొక్కినానమ్మా. సదువు లేనోణ్ణి. నా ఏలితోనే దాన్ని సంపుకున్నా.”

మేడమ్ ఆయనకు ఎదురుగా నేలమీదే కూర్చున్నారు. “మీరు సరిగ్గానే నొక్కినారప్పా. డబ్బు ముట్టింది. మా సైటే దాన్ని సూసుకోలేదు. తప్పు మాది.”

“నేను కాదా? ఇంకోసారి సెప్పమ్మా.”

ఆమె చెప్పారు. ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పారు. అప్పుడు ఏడ్చాడాయన.

ఆసుపత్రి పని పోయింది. ఏడాదికి ఆఫీసూ మూతపడింది. మేడమ్ ఇప్పుడు లేరు. కుప్పంలో నేనూ అదే పని చేస్తున్నాను, ప్రతి సైటుకూ బస్సెక్కుతున్నాను. జాగ్రత్త గల మనిషినని అందరూ మెచ్చుకుంటారు. సిగ్గేస్తుంది. ఆ రోజు ఆ గుమ్మంలో నిలబడి, చేసింది నేనని ఒక్క ముక్క చెప్పలేకపోయాను. తప్పంతా ఆమే మోశారు. బయల్దేరేటప్పుడు వెంకటప్ప నా చేతిలో పాలగ్లాసు పెట్టి, “ఎండన పడి వచ్చినావు, తాగప్పా,” అన్నాడు.

తాగాను.