సూర్యుడి కొసరు

నా చిన్నప్పుడు కొసరు పెట్టని బేరం బేరమే కాదని నమ్మేదాన్ని. వరంగల్ బజారులో, దుకాణాల మధ్య పెరిగినదాన్ని మరి. పావుకిలో పచ్చిమిర్చి కొంటే పైన కాస్త కొత్తిమీర రాకపోతే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. గుడిలో ప్రసాదం పెట్టే అయ్యగారిని కూడా వదల్లేదని మా నాయనమ్మ జీవితమంతా చెప్పుకొని నవ్వింది. అటువంటి నాకు, నన్ను మించిన బేరగాడు ఒకడు ఆకాశంలో ఉన్నాడని పక్కింటి అక్క చూపించింది.

మా తాతయ్యది జంపఖానాల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పైన పెంకులు, కింద షాబాద్ బండలు. డెబ్బయ్యారు సంక్రాంతికి పక్కవాళ్లు మా ఉత్తరం గోడకు ఆనుకొని బావి తవ్వించారు. నేల కదిలి ఇల్లు అటువైపు ఒరుగుతుందేమోనని తాతయ్యకు బెంగ పట్టుకుంది. అప్పటికే కోతులు దుంకి దుకాణం మీద ఒక పెంకుకు చిల్లు పడింది. అందులోంచి మధ్యాహ్నం చిన్న గారె అంత వెలుగు కిందపడి, బండల మీద మెల్లగా పాకుతూ, రెండు బండల మధ్య అతుకును దాటిపోయేది. తాతయ్య దాన్నే సాక్షిగా పెట్టుకున్నాడు. కాలాన్నిబట్టి వెలుగు అటూ ఇటూ జరుగుతుందని ఆయనకు తెలుసు. అందుకని దుకాణం తెరిచిన తేదీ, మార్చి మొదట్లో వచ్చేది, ఆ ఒక్కనాడే చూసేవాడు. అతుకును వెలుగు ఎక్కడ దాటిందో అక్కడ మేకుతో గీత గీసేవాడు. ప్రతి ఏడూ అదే తేదీకి అదే చోట దాటాలి. దాటకపోతే కదిలింది ఇల్లే.

మరుసటి ఏడు వెలుగు గీత మీద దాటలేదు. చిటికెన వేలంత కూడా కాదుగానీ, ఉత్తరానికి జరిగింది. ఆ పై ఏడు ఇంకాస్త. డెబ్బయ్ తొమ్మిదిలో ఇంకాస్త. మా బాపు ఇక ఆగలేదు. "గోడ మీద పడి ఎవరన్న పోయినంక ఏడుద్దామా? కూలగొట్టి స్లాబు ఏద్దాం" అని, ఉగాది దాటగానే పని మొదలుపెట్టమని మేస్త్రికి చెప్పేశాడు. ఆ పెంకులు తాతయ్య వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండి మీద తెచ్చి తన చేత్తో పరిచినవి. ఆయన రెండు రోజులు అన్నం ముందు ఊరికే కూర్చుని లేచాడు.

పక్కింటి అక్క కాలేజీలో సైన్సు చదివేది. తోడు పెట్టడానికి జర మజ్జిగ కోసం వచ్చి, బండ మీది గీతల దగ్గర గిన్నె కింద పెట్టి కూర్చుండిపోయింది.

"తాతా, ఇల్లు ఒరిగితే ఏటా ఇంత సమంగ ఒరుగుతదా? వానలు దంచిన ఏడు ఎక్కువ, ఎండిన ఏడు తక్కువ ఒరగాలె గద! తప్పు నీ ఇంటిది కాదు. గోడకున్న క్యాలెండర్‌ది."

"ఇల్లు నిలబడ్డది, క్యాలెండర్ ఒరిగిందా?" అన్నాడు బాపు. "ఏం సదువులు సదువుతాన్రే!"

నాకు అర్థమయ్యే భాష ఏదో అక్కకు తెలుసు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికి రావడానికి మనం లెక్క పెట్టుకున్న రోజులు చాలవట. ఇంచుమించు ఇంకో పావు రోజు కావాలట. ఆ పావు కొసరు ఇవ్వకుండానే మనం ఏడాది అయిపోయిందని తాళం వేస్తాం. తేదీ వచ్చేస్తుంది, సూర్యుడు ఇంకా దారిలోనే ఉంటాడు, అందుకే వెలుగు పాత గీత దాకా రాకుండా ఉత్తరానే ఆగిపోతుంది. అలా మూడేళ్లు ఎగ్గొట్టి, నాలుగో ఏడు నాలుగు పావులూ కలిపి ఫిబ్రవరి చివర ఒక రోజు ఆయన చేతిలో పెడతాం.

"వచ్చే ఏడు ఫిబ్రవరికి ఆ రోజున్నది. దాని తర్వాత వెలుగు మొదటి గీత మీదికి రాకుంటే, ఈ దుకాణం ముందట నా జడ కత్తిరిపిచ్చుకుంట."

ఆ జడ నడుము దాటి ఉండేది. తాతయ్య మొదటిసారి తలెత్తాడు. నేను వెంటనే బేరంలోకి దిగాను. మూడేళ్లు ఆగమని బాపును అడిగాను. పిచ్చా అన్నాడు. రెండు అన్నాను. కసిరాడు. చివరికి ఒక్క ఏడాదికి ఒప్పుకొని, తానే గెలిచానని మీసం దువ్వుకున్నాడు. నాకు కావలసింది ఆ ఒక్కటే.

ఆ ఏడాది అక్క దగ్గర ఎన్ని వింతలు విన్నానో. రోమును ఏలినవాడు ఒకడు నాలుగేళ్లకో రోజు కలిపే పద్ధతి పెట్టాడట. కానీ నిజమైన కొసరు పావు కంటే కొంచెం తక్కువ. మనమే ఎక్కువ ఇచ్చుకుంటూ పోయాం. వందల ఏళ్లకు అది పేరుకొని పండుగలు పక్కకు పోతుంటే, క్రైస్తవుల పెద్ద గురువు పోప్ గారు పది తేదీలు తీసేయించాడట. అక్కడి జనం నాలుగో తేదీ పడుకొని పదిహేనో తేదీ లేచారు. మళ్లీ ఎక్కువ పోకుండా, పదిహేడొందలు, పద్దెనిమిదొందలు లాంటి నిండు వందల ఏళ్లలో నాలుగింట మూడింటికి ఆ అదనపు రోజు ఎత్తేశారు. "ఆ నెల కిరాయి పూర్తిగ కట్టిన్రా అక్కా?" అని నేను అడిగితే, ఆమె నా నెత్తిన మొట్టింది. నాయనమ్మ మాత్రం ఇందులో ఏం వింతుందన్నది. "మన పంచాంగంల అధికమాసం ఎందుకొస్తదనుకున్నవ్? అది లేకుంటే మేడారం జాతర జరిగి జరిగి వానకాలంల పడుతుండె."

వానలు వచ్చాయి, పోయాయి. ఇల్లు నిలబడింది. ఫిబ్రవరి ఒక రోజు ఎక్కువ బతికింది. దుకాణం తేదీ రానే వచ్చింది. అక్క ఆ పూట కాలేజీ మానేసి జడ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. బాపు కత్తెర తెచ్చి గద్దె మీద పెట్టాడు. వెలుగు అతుకు దగ్గరికి వస్తుండగా మబ్బు కమ్మింది. బండ మీద ఏమీ లేదు. తర్వాత ఎవరో పైనుంచి మెల్లగా పెట్టినట్టు, గుండ్రటి వెలుగు మళ్లీ కిందికి దిగింది. కొత్త గీతలను ముట్టలేదు. మొట్టమొదటి గీత మీదికి వచ్చి, దాన్ని సరిగ్గా నడిమధ్యన పెట్టుకొని, అతుకు దాటింది.

అంత పెద్ద భూమి, అంత దూరం తిరిగి తిరిగి వచ్చి, మా దుకాణంలో మేకు గీతను మరిచిపోలేదు. తాతయ్య వంగి ఆ వెలుగులో అరచెయ్యి పెట్టి కళ్లకద్దుకున్నాడు. బాపు కత్తెర తీసి జేబులో వేసుకొని, "జడ బతికింది పో" అని బయటికి వెళ్లాడు. మేస్త్రికి వద్దని చెప్పడానికే వెళ్లాడని తర్వాత తెలిసింది. తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆ పెంకులు పైనే ఉన్నాయి. చిల్లు పెంకు మార్చనివ్వలేదు. వాన పడితే కింద బకెట్టు పెట్టేవాడు.

ఇప్పుడు నా లెక్కకూ లోకానికీ పొత్తు కుదరనప్పుడు, గోడ ఒరిగిందని వెంటనే అనను. నేను ఎక్కడో ఒక పావు ఎగ్గొట్టి ఉంటానని వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది కూడా. ఇక బేరం అంటారా, అది పుట్టుకతో వచ్చింది, పోదు. కానీ నాలుగేళ్లకోసారి, ఫిబ్రవరి ఆఖరి రోజున మాత్రం కూరగాయలు తూచింది తూచినట్టే తీసుకొని, మారుమాట లేకుండా సంచి మూస్తాను. గంప ముందు కూర్చున్నామె నన్ను ఎగాదిగా చూసి, "పాణం మంచిగలేదా అమ్మా?" అని, అడక్కుండానే ఇంత కొత్తిమీర సంచిలో వేస్తుంది.